పరదా మీది పసుపు

మస్కట్ నుంచి మీ నాన్న పంపిన డబ్బా నిన్న వచ్చింది పిల్లలూ. చుట్టూ గోధుమరంగు టేపు, టేపు మీద తాడు, తాడు మీద మళ్లీ టేపు. విప్పడానికి కత్తిపీట తేవాల్సి వచ్చింది. సబ్బులు, పాలపొడి, తలనొప్పి మందు సీసాలు, నాకొక రగ్గు, వాటన్నిటి అడుగున మీరిద్దరూ చూసేసి నా కోసం పెట్టిన ఆ లావుపాటి బొమ్మల పుస్తకం. పెద్దపెద్ద నగరాల వీధులను గొప్ప చిత్రకారులు ఎట్లా గీశారో చూపించే పుస్తకం. తెరవగానే ముందు సబ్బు వాసన వచ్చింది, ఆ తరువాత నునుపు కాగితం వాసన, ఆ రెండింటి కింద ఎక్కడో అట్టకు పూసిన జిగురు వాసన. ఆ జిగురు వాసన తగిలేసరికి నేను గడప మీదే కూర్చుండిపోయాను. అది మా బాపు రంగు చిప్పల వాసన.

మొన్న ఫోన్‌లో మీరు ఈ పుస్తకం గురించి చెబుతున్నప్పుడు మన ఆర్మూర్‌ను ఎవరూ గీయలేదా అని నేనడిగితే సాత్విక్ నవ్వాడు. మేఘనా, నువ్వేమన్నావో గుర్తుందా. "అమ్మమ్మా, ఆర్మూర్‌ని ఎవరు గీస్తరు? ఆడ గీయనీకి ఏముంది, లారీలు తప్ప?" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు. గట్టిగా మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. కానీ ఊరుకున్నానని ఒప్పుకున్నట్టు కాదు. ఇప్పుడు చెబుతున్నాను, వినండి.

బాపు అంటే మా నాన్న, పేరు రాజలింగం. చిన్నప్పుడు గోదావరి దాటి నిర్మల్ పోయి బొమ్మలకు రంగులేసే పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక దుకాణాల పేర్లు రాసేవాడు, ఎడ్లబండ్ల చక్రాల మీద పువ్వులు వేసేవాడు, పెళ్లిళ్లకు గోడల మీద ఏనుగులు, చిలుకలు దింపేవాడు. గోదావరి అవతల నిర్మల్, ఇవతల నిజామాబాద్, అంతే ఆయన చూసిన లోకం. మనిషి బక్కగా ఉండేవాడు, ఎవరేమన్నా తల ఊపేవాడు. ఆయన కుంచె ఎంత నెమ్మదో మాట కూడా అంతే నెమ్మది. మా అవ్వ, అంటే మా అమ్మ నర్సవ్వది పొలం కూలి. ఆమె కూడా మెల్లగానే మాట్లాడేది, కానీ ఆమె మెల్లగా చెప్పిన మాటను దాటిపోవడం ఎవరికీ సులువు కాదు.

మా వాడ ఎండాకాలం మొదట్లో ఎట్లా ఉండేదో మీకు చెబితే నమ్మరు. సంక్రాంతి పోయినప్పటి నుంచి పసుపు తవ్వకాలు, ఊరి చుట్టూ పెద్దపెద్ద కడాయిల్లో పసుపు ఉడికే ఆవిరి, ఎండు పసుపాకు కాలిన పొగ. పొద్దున్నే లేచి నోరు తెరిస్తే గాలి కూడా చేదుగా, వెచ్చగా, మట్టిమట్టిగా తగిలేది. పెద్ద రైతులు పసుపును తమ కల్లాల్లో ఆరబోసుకునేవారు, కల్లమంటే పంట నూర్చుకోవడానికి అలికి పెట్టుకున్న చదును నేల. మాకు కల్లాలెక్కడివి? మా ఆడవాళ్లు తవ్వేసిన చేన్లలో, మట్టిగడ్డల కింద మిగిలిపోయిన కొమ్ములను ఏరుకునేవారు. పరిగె అంటారు దాన్ని. ఏరుకున్నవాళ్లదే అది, రైతు అడగకూడదు. కొంగుల్లో, గంపల్లో తెచ్చిన ఆ పరిగె పసుపును కుండల్లో ఉడికించి మా బజారు పొడుగునా ఆరబోసేవారు. ఎవరి ఇంటి ముందు వారి కుప్ప. మేము పిల్లలం కుప్పల మధ్య సందుల్లోంచి ఒంటికాలి మీద గెంతుకుంటూ పోవడమే ఆట. కొమ్మును తొక్కితే ఓడినట్టు. ఉగాదికి బచ్చాలు, అదే బొబ్బట్లు, చేసే పిండి మీదా, మా పుస్తకాల మీదా, దండెం మీద ఆరేసిన ధోవతుల మీదా అదే పసుపు దుమ్ము. మాకు నేల రంగు ఏమిటని బళ్లో అడిగితే పసుపు అనే చెప్పేవాళ్లం.

ఒక ఏడు శ్రీరామనవమికి మా ఊరి కుర్రాళ్లు నాటకం ఆడాలనుకున్నారు. గుడ్డకూ రంగులకూ పెద్ద పటేలు ముందుకొచ్చాడు. నాటకానికి ఒక దర్బారు పరదా, ఒక అడవి పరదా, ఒక వీధి పరదా కావాలి. మొదటి రెండూ పక్క ఊరి నుంచి అడిగి తెచ్చుకున్నారు. వీధి పరదా మాత్రం కొత్తది ఉండాలని, అదీ మామూలు వీధి కాదు, బొంబాయి వీధి ఉండాలని పటేలు పట్టు. ఆయన పసుపు బేరానికి బొంబాయి పోయి వచ్చినవాడు. అట్లాంటి పరదా ఈ తట్టు ఏ ఊళ్లోనూ ఉండొద్దన్నాడు. బాపు తల ఊపాడు.

ముతక గుడ్డను కుట్టి, చింతగింజల గంజి పట్టించి, సుద్ద పూసి ఆరబెట్టారు. మా ఇల్లు ఆ గుడ్డకు చాలదు కనుక ఎదురుగా ఉన్న గోడకు వెదురు బొంగులు కట్టి బజారులోనే వేలాడదీశారు. కుండలో సరేసు జిగురు ఉడుకుతుంటే ఆ కంపుకు ముక్కులు మూసుకుంటూనే వాడంతా చుట్టూ చేరేది. బాపు చూడనిదాన్ని గీసే పద్ధతి ఒకటే, చూసినవాణ్ని కూర్చోబెట్టి చెప్పించుకోవడం. మా అవ్వకు వరుసకు తమ్ముడు మల్లయ్య మామ, బొంబాయిలో ఇండ్లు కట్టే పనికి పోయి అప్పుడే పండుగకు వచ్చి ఉన్నాడు. ఆయనకు మంచం వేసి చాయ్ పోసి బాపు అడిగేవాడు. ఆడ ఇండ్లు ఎట్లుంటయి అంటే, ఒకదాని మీద ఒకటి ఉంటయి బావా, మెడ నొస్తది చూస్తే, అనేవాడు మామ. బాపుకు ఒకదాని మీద ఒకటి ఉన్నవి తెలిసినవి మన నవనాథుల గుట్ట బండలే. కాబట్టి ఆయన బొంబాయి మేడలన్నీ నల్లటి గుండ్రాళ్లలా ఒరిగి ఉండేవి, వాటికి కిటికీలు. రెండంతస్తుల బస్సు గీశాడు, కింద కూర్చున్నవాళ్ల కంటే పైన కూర్చున్నవాళ్లు లావు. గుర్రపు బగ్గీ గీశాడు. వీధి చివర సముద్రం గీశాడు, దాంట్లో మన గోదావరి మీద నడిచే గుండ్రటి పుట్టి పడవ ఒకటి తిరుగుతూ ఉంది.

అన్నీ అడిగిన బాపు నేల ఎట్లా ఉంటుందని మాత్రం అడగలేదు. నేల గురించి అడగడానికి ఏముందనుకున్నాడు. బజారంటే నేల, ఆ రోజుల్లో నేలంటే పసుపు. అందుకని బొంబాయి వీధి పొడుగునా, బస్సు చక్రాల దగ్గరి నుంచి సముద్రం దాకా, ఇంటింటి ముందూ పసుపు కుప్పలు వేశాడు. కుప్పల దగ్గర వంగి కొమ్ములు తిరగేస్తున్న ఆడవాళ్లను వేశాడు. మొహాలు వేయలేదు, వీపులే. మల్లయ్య మామ పొద్దున చూసి, బావా బొంబాయిల పసుపేడిది, అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. బాపు కుంచె అట్లాగే ఆగిపోయింది.

కానీ అప్పటికే మా వాడ ఆడవాళ్లు ఆ పరదాను చూసుకోవడం మొదలుపెట్టారు. పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగేవారు. గీ కాసె కట్టు నీదే, గీ కొప్పు నాదే అని వాదులాడుకునేవారు. మా పక్కింటి రాజవ్వ ఒక వంగిన బొమ్మ ముందు నడుం మీద చేయి పెట్టుకుని చాలాసేపు నిలబడి, "గీమె నేనే. నా నడుము నాకు తెల్వదా," అంది. అంతకుముందు ఆమెకు ఫోటో కూడా లేదు. అద్దం కూడా చేతిలో పట్టేంత ముక్కే. ఆమె తన వీపును చూసుకోవడం అదే మొదటిసారి.

నవమి దగ్గర పడుతుండగా పటేలు వచ్చాడు. పరదా ముందు నిలబడి మేడలు చూశాడు, బస్సు చూశాడు, మీసం దువ్వుకున్నాడు. చూపు నేల మీదికి దిగింది.

"రాజలింగం, బొంబాయిల పసుపేందిరా? నేను చూడలేదా బొంబాయి? నలుగురు పెద్దమనుషులు వస్తరు, నవ్వుతరు. గా పసుపు, గా ఆడోళ్లు, అంతా తీసెయ్. సాఫ్ రోడ్డు ఉండాలె."

బాపు తల ఊపాడు. సుద్ద గిన్నెలో నీళ్లు పోశాడు. కూలి నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి వెనక నిలబడ్డారు. అవ్వ మోచేతుల దాకా పసుపుతో ముందుకొచ్చింది. బాపు చేతిలోని సుద్ద గిన్నె తీసుకుని అరుగు మీద పెట్టి, కొంగు సర్దుకుని, రోజూ మాట్లాడినట్టే మెల్లగా అంది. "మాకు కల్లం లేదు పటేలా. బజారే మా కల్లం. బొంబాయిల కల్లం లేనోళ్లు ఉండరా?"

పటేలు నవ్వాడు. అవ్వ మల్లయ్య మామ వైపు తిరిగింది.

"చెప్పు తమ్మీ, ఆడ మీరు ఏడ పండుకుంటరు?"

"బజారు మీదనే అక్కా."

"వంట?"

"బజారు మీదనే."

మామ ఈసారి నవ్వలేదు. అవ్వ పటేలుతో, మేము బొమ్మలో ఉండొద్దంటే నీ కల్లంల కూడా ఉండము, రేపు పసుపు రుద్దనీకి ఎవరినన్న చూసుకో, అంది. వెనక ఉన్నవాళ్లెవరూ కదల్లేదు. పటేలు కల్లంలో ఎండిన పసుపంతా గోనెపట్టాలతో రుద్ది మెరుగు పెట్టాల్సి ఉంది, ఊళ్లో బేరగాళ్లు దిగి ఉన్నారు. ఆయన పరదాను చూశాడు, పరదాలోని వీపులను చూశాడు, వెనకున్న మొహాలను చూశాడు. చివరికి పరువు దక్కించుకోవడానికి ఒక మాట వెతుక్కున్నాడు.

"మరి నాటకంల రాజు వస్తే? పసుపు తొక్కుకుంట నడుస్తడా?"

"నడువనీ," అంది అవ్వ. "కాళ్లకు పసుపు పెట్టించుకున్నట్టయితది."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పటేలుకూ నవ్వు ఆగలేదు. ఆ గిన్నెలోని సుద్దతో మరునాడు అవ్వ మా గడపకు ముగ్గు వేసింది.

నవమి నాడు దీపాలు పెట్టే వేళకు నాటకం మొదలైంది. పానకం తాగిన మూతులతో మేము ముందు వరుసలో చాప మీద ఉన్నాం. రాజు వేషం వేసిన కుర్రాడు వీధి పరదా ముందుకు రాగానే ఏమనుకున్నాడో, పంచె కొంచెం పైకెత్తి, లేని కుప్పను తప్పించుకుంటూ మేము ఆటలో గెంతినట్టు గెంతాడు. జనం కేకలు పెట్టారు. నవ్వుతారనుకున్న పెద్దమనుషులు నవ్వారు కూడా, అయితే మాతో కలిసి. ఆ తరువాత చాలా ఏండ్లు ఆ పరదా లేకుండా ఏ నాటకమూ ఆడలేదు. కథ కాశీలో జరిగినా, అయోధ్యలో జరిగినా, హస్తినాపురంలో జరిగినా, వెనక అదే వీధి, అవే గుట్ట బండల మేడలు, అదే పసుపు, వంగి పనిచేసుకుంటున్న మా రాజవ్వ. లోకంలోని గొప్ప నగరాలన్నిటిలోనూ మా వాడ ఆడవాళ్లు పసుపు ఆరబోసుకున్నారు.

దాన్ని ఎవరు పాడు చేశారో కూడా చెప్పాలి. మా అవ్వే. ఒక ఏడు నవమి ముందు పరదాను బజారులో ఎండకు కట్టి ఉండగా, మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మి రాళ్లవాన మొదలైంది. కప్పడానికి పట్టాలు లేవు. పరిగె పసుపు తడిస్తే ఆ ఏడాది చేసిన కష్టమంతా బూజు పట్టినట్టే. అవ్వ పరదా వైపు చూసింది, బాపు వైపు చూసింది. తాడు ముడి ఆయనే విప్పాడు. ఆడవాళ్లంతా పసుపును ఒకే కుప్పగా ఊడ్చి, బొమ్మ ఆకాశం వైపు ఉండేలా దాని మీద కప్పి, అంచులు పట్టుకుని వానలోనే కూర్చున్నారు. బొంబాయి నీలంగా, ఎర్రగా, పసుపుగా మా మోరీ కాలువలోకి కారిపోయింది. కుప్ప తడవలేదు. తరువాత బాపు ఆ గుడ్డ ముందు కూర్చుని ఉంటే అవ్వ, బొమ్మ పోతే మల్ల గీయొచ్చు, మేము ఏడికి పోలేదు కద, అంది. ఆయన మళ్లీ గీయలేదు. ఊళ్లోకి సినిమా హాలు వచ్చింది, నాటకాలు ఆగిపోయాయి, ఆయన చేతులు వణకడం మొదలైంది.

ఇప్పుడు మా వాడ మీరు చూసిందే. సిమెంటు రోడ్డు, ఆటోలు, గల్ఫ్ డబ్బుతో కట్టిన మేడలు, మేడలకు ఇనుప గేట్లు. పసుపును ఆవిరి బాయిలర్లలో ఉడికిస్తున్నారు, మిషన్ డ్రమ్ముల్లో మెరుగు పెడుతున్నారు, ఊరి బయట పట్టాల మీద ఆరబోస్తున్నారు. బజారు ఇప్పుడు పోవడానికే, కూర్చోవడానికి కాదు. పరిగె ఏరేవాళ్లు లేరు. రాజవ్వ లేదు. ఆమె ఫోటో ఒక్కటి కూడా ఎవరి ఇంట్లోనూ లేదు.

రాత్రి భోజనమయ్యాక కళ్లద్దాలు పెట్టుకుని మీ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చూశాను. బాగా గీశారు, కాదనను. తడి రోడ్ల మీద దీపాల వెలుగు, గొడుగులు, గుర్రాలు, జెండాలు. కానీ చాలామంది పై అంతస్తు కిటికీలోంచి చూసి గీశారు పిల్లలూ. అంత పైనుంచి చూస్తే కింద కూర్చున్నవాళ్లు చుక్కలే కదా. ఒక బొమ్మలో మూలకు ఒకామె గంప ముందు పెట్టుకుని వంగి ఉంది. ఒక్క గీత, అంతే, మొహం లేదు. అది ఏ దేశమో నాకు తెలియదు. ఆ నడుము మాత్రం నాకు తెలుసు.

పొద్దున్నే లేచి వంటింట్లో పసుపు తీసుకుని నీటిబొట్టుతో తడిపి, ఆమె గంప పక్కన నేల మీద నా బొటనవేలితో ఒక అద్దు అద్దాను. తరువాత వెనక్కి తిప్పి ప్రతి నగరంలోనూ, ప్రతి వీధిలోనూ ఒక కుప్ప పెట్టుకుంటూ వచ్చాను. ఒక చోట రాజుగారి ఊరేగింపు వస్తోంది, దాని దారిలో కూడా పెట్టాను. వచ్చే వారం పక్కింటి అబ్బాయి మస్కట్ వస్తున్నాడు, పుస్తకం అతనితో పంపుతున్నాను. బడికి పట్టుకుపోయినప్పుడు ఎవరు పాడు చేశారని మీ టీచర్ అడిగితే మా అమ్మమ్మ అని చెప్పండి, పాడు చేయలేదు, ఆర్మూర్‌ను గీసింది అని కూడా చెప్పండి. ఎండలో మాత్రం పెట్టకండి, పసుపు వెలిసిపోతుంది. వెలిస్తే పుస్తకం మళ్లీ పంపండి. పసుపూ ఉంది, నా బొటనవేలూ ఉంది.