మంచి గుడ్లు

నా ఈడు వాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే, నేను మారేడ్‌పల్లిలో ఓ చిన్న ల్యాబులో గుడ్లు పగలగొట్టే ఉద్యోగంలో చేరాను. బంధువులకు అలాగే చెప్పేదాన్ని, వాళ్ల మొహాలు చూడటం నాకు సరదా. గుడ్డు గడప తొక్కని ఇల్లు మాది.

విరేచనాలు తెచ్చే క్రిమిని చంపి కోళ్లకు సూదితో ఎక్కిస్తే, దాన్ని పట్టుకునే యాంటీబాడీలు వాటి ఒంట్లో పుట్టి పచ్చసొనలోకి దిగుతాయి. క్రిమిని అంటించిన ప్లేటులో ఆ సొన వేస్తే రంగు రావాలి. పక్కనే సూది పడని కోడి గుడ్డు సొన వేస్తాం, దానికి రాకూడదు. ఒకరోజు దానికీ వచ్చింది.

ల్యాబు నడిపే సార్ నేరుగా ప్లేట్లు కడిగే అక్క మీద పడ్డారు. సరిగ్గా కడగలేదని, ఒకటో తారీకు నుంచి రావొద్దని అన్నారు. ఆ జీతంతోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది ఆవిడ. కడిగిన ప్లేట్లే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. నాకు గుడ్ల సంగతి గుర్తొచ్చింది.

సూది పడని కోడి గుడ్లు ఎప్పుడూ నేనే బజారు నుంచి, ఫారం గుడ్లే చూసి తెచ్చేదాన్ని. ఆ వారం బద్ధకించి, మోండా మార్కెట్‌లో మంచి గుడ్లు చూసి తెమ్మని ఆవిణ్ని పంపాను. ఏ గుడ్లు తెచ్చావని అప్పుడు అడిగాను.

“మంచియంటే నాటు గుడ్లే గద మేడం. ఫారం గుడ్లల్ల ఏముంటది? నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చిన.”

నాటు కోడి ఫారం కోడిలా బోనులో ఉండదు, కనబడ్డ చెత్తకుప్పనల్లా కెలుకుతుంది. మా క్రిమి తగలకపోయినా దాని దాయాదులేవో తగిలే ఉంటాయి. వాటి కోసం పుట్టిన యాంటీబాడీలే పోలిక చూసి మా క్రిమినీ పట్టుకున్నాయన్నమాట. అక్క కడగడంలో ఏ లోపమూ లేదు. ఏ గుడ్లో చెప్పని తప్పు నాది.

తెలిసి కూడా రెండు రోజులు నోరు మెదపలేదు. సార్ అంటే భయం. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. మూడో రోజు ఫారం గుడ్ల సొన, నాటు గుడ్ల సొన పక్కపక్కన వేసి చూశాను. నాటు వాటికే రంగు. ప్లేటు సార్ ముందు పెట్టి, తెమ్మన్నది నేనే, ఏవో చెప్పనిదీ నేనే అన్నాను. ఆయన ప్లేటు చూసి, ఆవిణ్ని ఉండమని చెప్పమన్నారు. నన్ను మాత్రం వారం రోజులు తిట్టారు.

అక్కకు అంతా చెప్పాను, రెండు రోజులు దాచిన సంగతితో సహా. ఆవిడ మర్నాడు మిగిలిన నాటు గుడ్లలో ఒకటి ఇంటి దగ్గర ఉడకబెట్టి తెచ్చింది. ఒలిచి, ఉప్పు చల్లి, నా టిఫిను డబ్బా మూతలో పెట్టింది.

“తిను మేడం. మొన్నటి సంది నువ్వేం తింటలేవు, చూస్తనే ఉన్న.”

మా ఇంటి సంగతి ఆవిడకు చెప్పలేదు. మొత్తం తిన్నాను.