రెండు తెరల మీద ఒక పెళ్లిచీర

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను హిందూపురం నుంచి వచ్చి ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో చేరాను. కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీయడం నా పని. మా శావుకారు బెంగళూరులో ఏదో ఆఫీసులో ఒకే కంప్యూటర్‌కు రెండు మానిటర్లు చూసి వచ్చారు. వాళ్లు అలా ఎందుకు పెట్టుకున్నారో కనుక్కోలేదు. కనుక్కుంటే ఆయన శావుకారు ఎలా అవుతారు?

మెకానిక్‌ను పిలిపించారు. అతను కంప్యూటర్‌లో ఇంకో కార్డు బిగించి, మూలపడి ఉన్న పాత మానిటర్‌ను కొత్తదానికి కుడిపక్కన పెట్టాడు. శావుకారు వాస్తు చూసి దాన్ని ఎడమపక్కకు జరిపించారు. పాపం కంప్యూటర్‌కు వాస్తు తెలియదు. మౌస్ బాణాన్ని కొత్త తెర కుడి అంచు దాటిస్తే, అది ఎడమవైపు తెరలో తేలేది. సెట్టింగ్ మారుస్తానని మెకానిక్ అంటే, "బాగుండేదాన్ని కెలకొద్దప్పా" అని అతన్ని పంపించేశారు.

అంగడికి వచ్చినవాళ్లకు ఘనంగా కనిపించాలని, ఒకే చీర బొమ్మను రెండు తెరల మీదా తెరిచి పెట్టమన్నారు. కొత్తదానిలో ఎర్రగా ఉన్న చీర, పాతదానిలో వంకాయ రంగులో కనిపించేది.

అలాంటప్పుడు పెనుకొండ నుంచి ఒక కుటుంబం పెళ్లిచీర చేయించుకోవడానికి వచ్చింది. పెళ్లికూతురు, వాళ్లమ్మ, వాళ్లవ్వ. అమ్మకు ఎరుపు నచ్చింది. అవ్వకు వంకాయ రంగు నచ్చింది.

"అవ్వా, రెండూ ఒకటే చీర. మానిటర్ పాతదయి రంగు అట్ల కనపడతాంది" అన్నాను.

"నాకు కండ్లు కనపడవనుకుంటివా? ఆడ ఎరుపు ఉండాది, ఈడ వంకాయ రంగు ఉండాది. ఒకటేనంటావేమ్మా?" అంది అవ్వ.

శావుకారు నా వైపు ఒక చూపు చూశారు. "ఆ పాపకు రంగులు తెలీవులే అవ్వా. రెండూ నేయిస్తాం, వచ్చి చూసుకోండి" అన్నారు. రంగులు తెలియని నన్ను డిజైన్లకు పెట్టుకున్న గొప్ప మనసు ఆయనది.

చీరలు తయారయ్యాక ముగ్గురూ మళ్లీ వచ్చారు. రెండు చీరలూ పరిచాం. అమ్మా అవ్వా మళ్లీ వాదులాట మొదలుపెట్టారు. అది చాలాసేపు సాగాక, అంతవరకూ నోరు విప్పని పెళ్లికూతురు మెల్లగా అడిగింది.

"పచ్చది ల్యాదా?"

అందరం ఆ అమ్మాయి వైపు తిరిగాం. అంగడిలో అంతమంది పెద్దలం, రెండు తెరలు, ఒక వాస్తు ఉండి, పెళ్లి చేసుకునే పిల్లకు ఏ రంగు ఇష్టమో ఎవరమూ అడగలేదు. నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.

ఆ అమ్మాయి లేచి, బీరువాలోంచి ఆకుపచ్చ చీర ఒకటి తనే తీసుకుంది. భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. అప్పుడు మొదటిసారి నవ్వింది. నేయించిన చీరలను అమ్మ ఒకటి, అవ్వ ఒకటి తమకే ఉంచుకున్నారు.

వాళ్లు బస్టాండు వైపు వెళ్లగానే శావుకారు గర్వంగా నా దగ్గరకొచ్చారు. "చూస్తివా, రెండు టీవీలు పెడితే మూడు చీరలు అమ్ముడుపోయినాయి. ఇంకోటి ఎప్పుడు పెడదాం?"

"మీ ఇష్టం సార్. వాస్తు చూపించండి" అన్నాను.

ఆయన నిజంగానే చూపించారు.