ఎగ్జిబిషన్‌లో మా ఆయన

2023 ఎండాకాలం. మన్సూరాబాద్‌లో కిరాయికి తీసుకున్న చిన్న షటర్‌లో నా లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో చేస్తాను. ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపల వేసే గుడ్డ, పీకో అంటే కొంగు దారాలు ఊడకుండా మిషన్ మీద వేసే సన్న కుట్టు. లేడీస్ షాపుకు ఒక పద్ధతి ఉంటుంది. లోపల కొలతలు తీస్తుంటాం కాబట్టి మగవాళ్లెవరూ కర్టెన్ దాటి రాకూడదు, కట్టుకున్నవాడైనా సరే. మా ఆయన అంజయ్య ఆటో నడుపుతాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో లైనింగ్ బట్ట, దారాలు కొనుక్కొచ్చి మెట్టు మీద పెట్టి, "పెట్టిన" అని కేక వేసి పోతాడు. నేను మిషన్ మీంచి తల ఎత్తకుండానే "మంచిది" అంటాను.

ఆ రోజుల్లో హారిక అని వనస్థలిపురం అమ్మాయి వచ్చేది. ఊరి బయట ఒక ఇంటర్నేషనల్ యూనివర్సిటీలో డిజైన్ చదువుతోంది. టైలర్ల నడుం నొప్పి తగ్గేలా ఒక కుర్చీ తయారుచేసి చివరి ఏడాది ఎగ్జిబిషన్‌లో పెట్టాలట. నేను ఎట్లా వంగుతున్నానో, కాలు ఎక్కడ పెడుతున్నానో చూస్తూ గంటలకొద్దీ కూర్చునేది. మంచి పిల్ల. బొత్తాలు కుట్టిపెట్టేది కూడా.

ఎగ్జిబిషన్‌కు పిలుస్తూ, "మీరు తప్పకుండా రావాలి ఆంటీ. దూరం కదా, రోజూ సామాను తెస్తాడే ఆ ఆటో అతన్నే మాట్లాడుకుని వచ్చేయండి. డబ్బులు నేనిస్తాను" అంది.

నాకు నవ్వొచ్చింది. చేతిలో కస్టమర్ జాకెట్ ఉంది, పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. "మంచిదమ్మా" అని ఊరుకున్నాను.

ఆ రోజు పట్టుచీర కట్టుకున్నాను. అంజయ్య ఖాకీ చొక్కా విడిచి ఇస్త్రీ చొక్కా తొడిగాడు. పెద్ద హాలు, ఏసీ, విదేశీ పిల్లలు కూడా ఉన్నారు. హారిక కుర్చీ పక్కన ఆమె ఎత్తున బోర్డు, దాని మీద మిషన్ మీద వంగి ఉన్న నా ఫొటో. కింద అంతా ఇంగ్లిష్. నన్ను గుర్తుపట్టి చాలామంది దగ్గరికొచ్చారు. ఒకావిడ చేతులు పట్టుకుంది. ఇంకొకావిడ భుజం తట్టి, "మీ ధైర్యానికి దండం పెట్టాలండీ" అంది. నా పనితనం గురించి ఏం రాసిందో అని మురిసిపోయాను. అందరికీ పళ్లన్నీ కనబడేలా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వెనక నిలబడ్డ అంజయ్య బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి మెల్లగా అడిగాడు. "పద్మా, గిది విడో పింఛన్ అంటరు సూడు, గా విడోనే గదా?" ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం విని, కుర్చీ పక్కనున్న హారిక మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

చూశాను. నేనూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. హారిక నా పేరు సరోజ అని మార్చింది. భర్త పోయినవాళ్లకు రాసే మాటే రాసింది. ఫొటోలో మాత్రం నా మెడలో పుస్తెలతాడు స్పష్టంగా కనబడుతోంది.

అంతలో జ్యూరీ, అంటే మార్కులు వేసే పెద్దలు, మా బోర్డు దగ్గరికొచ్చారు. ఒక మేడమ్ జాలిగా, "మీ వారు పోయాక ఈ పని మొదలుపెట్టారా అమ్మా?" అంది. తర్వాత నా నుదుటి బొట్టు చూసి, అంజయ్యను చూసి, "ఈయన?" అంది.

హారిక మొహం పాలిపోయింది. బోర్డు అబద్ధమని తేలితే ఆ పిల్ల చదువు అక్కడే ఆగిపోతుందేమో అనిపించింది.

అంజయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆటో మేడం. కిరాయికి తీస్కొచ్చిన" అన్నాడు.

మేడమ్ తలూపి కుర్చీ వైపు తిరిగింది. నేను అలాగే నిలబడ్డాను. నా మొగుడు అందరి ముందూ నాకు ఏమీ కాకుండా పోతుంటే నోరు మూసుకున్నాను.

ఆటో దగ్గరికి హారిక పరుగెత్తుకొచ్చింది. ఏడుపు ఆపుకోలేకపోతోంది. "బోర్డు మీద రాసింది పర్సోనా ఆంటీ, అంటే ఊహించి రాసే మనిషి. నలుగురు టైలర్ల కథలు కలిపి ఒకరిగా రాస్తాం. మా సార్ పేరు మారిస్తే చాలన్నారు. అంకుల్ మీ ఆయనని తెలిస్తే మీ ఫొటో పెట్టేదాన్నే కాదు. మెడలో తాడున్నా మీ వారి మాటే ఎప్పుడూ వినలేదు, లేరేమో అనుకున్నాను. ఈయన్ని రోజూ చూశాను, సామాను తెచ్చే మనిషనుకున్నాను. మీరు ఒక్కసారి కూడా చెప్పలేదు ఆంటీ."

కోప్పడదామనుకున్నదాన్ని, ఆటో ఎక్కి కూర్చున్నాను.

"ఏడ్వకు బిడ్డా" అన్నాడు అంజయ్య. "మార్కులు మంచిగేస్తరా?"

"బోర్డు ఇప్పుడే తీసేస్తాను అంకుల్. సార్‌కీ చెప్తాను" అని ఆ పిల్ల లోపలికి పరుగెత్తింది.

ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను. "గట్లెందుకన్నవ్? నీకు బాధ కాలేదా?"

"బాధెందుకు? నీ షాపు కాడ రోజూ గంతే గదనే" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు గొంతులో. మామూలుగానే అన్నాడు.

ఆ మామూలుతనమే నన్ను చంపేసింది. మగవాళ్లు లోపలికి రాకూడదన్నది షాపు పద్ధతి, నిజమే. బయట మెట్టు మీదున్న మనిషి ఎవరో చెప్పకూడదని ఏ పద్ధతీ లేదు. కార్లలో వచ్చే కస్టమర్ల ముందు ఖాకీ చొక్కా మనిషిని మా ఆయన అని చెప్పడం నాకు నామోషీగా ఉండేది. హారిక ఊహించి రాసిందేమీ కాదు, నేను చూపించిందే రాసింది.

ఆ ఎగ్జిబిషన్ నాకు నేర్పింది ఇదే. మనం నోరు విప్పి చెప్పని మనిషి లోకానికి లేనట్టే. ఇప్పుడు ఆయన వస్తే మిషన్ ఆపి లేస్తాను. ఎవరున్నా సరే, "మా ఆయన" అని చెబుతాను. అలా చెప్పినప్పుడల్లా అంజయ్య తల దించుకుని, కాలర్ సర్దుకుని, పెళ్లికొడుకులా సిగ్గుపడతాడు. ఇంత చిన్న మాటకు అంత పొంగిపోయే మనిషిని చూస్తే నాకు మళ్లీ తల తీసేసినట్టవుతుంది.