పగడానికి పత్తి టానిక్

నరసరావుపేటలో సముద్రం లేదన్న సంగతి అందరికీ తెలుసు, మా ప్రిన్సిపాల్‌గారికి తప్ప. ఎనభైల్లో నేనక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. మూడేళ్లుగా టెంపరరీ. కొత్త డిగ్రీ కోర్సుకు గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడటానికి యూనివర్సిటీ కమిటీ వస్తోందని తెలియగానే ఆయన నన్ను పిలిచారు.

"కమిటీ నోరెళ్లబెట్టేది ఏదన్నా చూపించవయ్యా, నీ పోస్టు పర్మినెంటు చేపిస్తా. లేదంటావా, మీ నాయనకి పత్తి చేలో మనిషి సాయం కావాలంటగా!"

నోరెళ్లబెట్టేది మా ల్యాబులో ఒక్కటే ఉంది. రామేశ్వరం టూరు నుంచి నేను క్యానులో పెట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చిన పగడం. పిడికెడంత ఉంటుంది. ప్రాణమున్నది. కిటికీ పక్కన అద్దాల తొట్టిలో పెట్టాను. నీళ్లు సూర్యలంక సముద్రపు ఒడ్డు నుంచి క్యాన్లలో బస్సు మీద వచ్చేవి. "ఏందయ్యా అందులో, కిరసనాయిలా?" అనేవాడు కండక్టరు. సముద్రం నీళ్లంటే నమ్మడు. వేలు ముంచి నాకి, థూ అని ఊసి, అప్పుడు టిక్కెట్టు కొట్టేవాడు.

పగడం తన ఇంటిని సున్నంతోనే కట్టుకుంటుంది. పల్నాట్లో సున్నానికేం కరువు! పిడుగురాళ్ల బట్టీ సున్నాన్ని నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పైన తేలిన తేటను రోజూ ఉదయం చుక్కచుక్కగా వేసేవాణ్ణి. ఆరు నెలలు బతికింది. గోధుమరంగు వేళ్లు చాపి నీళ్లలో మెల్లగా ఆడించేది. నేను దానికి గుడ్‌మార్నింగ్ చెప్పేవాణ్ణి. నవ్వితే నవ్వండి.

ప్రిన్సిపాల్‌గారికి మాత్రం నచ్చలేదు. "పగడమంటే ఉంగరంలో ఎర్రగా ఉంటదే, అదిగదా! ఇదేంది, పేడముద్దలాగుంది. కమిటీ వచ్చేలోపు కాస్త రంగు తేలే మందేదన్నా పొయ్యి."

సున్నంతో పాటు జింకు, ఇనుము, రాగి లాంటివి కూడా ఆవగింజలో వెయ్యోవంతు ఉండాలని పుస్తకంలో చదివాను. అవి కావాలంటే మద్రాసన్నా పోవాలి, మా ఊరి బాబాయి పురుగుమందుల కొట్టుకన్నా పోవాలి. దగ్గరది చూసుకున్నాను.

"అన్నీ కలిసిన టానిక్కే ఉంది గానీ అబ్బాయ్, ఎన్నెకరాలు?" అన్నాడు బాబాయి.

"ఎకరాలు కాదు బాబాయ్, అద్దాల తొట్టి. అందులో పగడం."

"పగడమా? ఏ కంపెనీ విత్తనం? సరేలే, ఏదైతే ఏంది. ఇది కొడితే పూత రాలదు, కాయ చానా గట్టిగా నిలబడుద్ది."

కాగితం మీద లెక్క వేస్తే మూడు చుక్కలని తేలింది. వేశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మా వైపు పత్తి రైతు మందు కలిపేటప్పుడు, డబ్బా మీద ఎన్ని మూతలు రాసి ఉంటే అన్నీ పోసి, మూత బిగించబోతూ ఆగి, ఇంకొకటి పోస్తాడు. మా ఇంట్లో దాన్ని పై మూత అంటారు. అది పొయ్యకపోతే మా నాయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. నాలుగు రోజుల్లో కమిటీ, అందులో నా పోస్టు. మూడు చుక్కలు ఏ మూలకొస్తాయి? ఎమ్మెస్సీ చదివిన నా చెయ్యే మూతెడు టానిక్కు తొట్టిలోకి వంచేసింది.

మర్నాటికి పగడం వేళ్లన్నీ ముడుచుకుంది. ఆ పైరోజుకి ఒంటి మీది కండ జిగురై జారిపోయింది. ఇలాంటి ప్రాణులకు రాగి విషమని పిల్లలకు నోట్సు చెప్పింది నేనే, అదీ రెండేళ్లు వరసగా! ఓరి దద్దమ్మా, అని తొట్టి ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ఏడుపొచ్చింది. పగడం కోసమా, పోస్టు కోసమా అంటే, నిజం చెబుతాను, పోస్టు కోసమే.

కమిటీ వచ్చేనాటికి తొట్టిలో మిగిలింది తెల్లటి ఎముక. నీళ్లు మార్చినా కంపు పోకపోతే ప్రిన్సిపాల్‌గారు అగరొత్తులు కట్టకు కట్ట వెలిగించారు. కమిటీ పెద్దాయన కామర్సు మనిషి. చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చి, తొట్టి మీదికి వంగారు.

"ఆహా! ఎంత తెల్లగా, ఎంత ఆరోగ్యంగా పెంచారండీ! ఏం వేస్తున్నారు?"

"సున్నపు తేటండీ" అన్నాను.

"టానిక్ కూడా పోస్తాడండీ" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. పెద్దాయన రెండూ డైరీలో రాసుకున్నారు.

నెల తిరక్కుండా నన్ను పర్మినెంటు చేశారు. ఆర్డరు అందిన రోజునే ప్రాక్టికల్ క్లాసులో తొట్టి చూపించి, "ఇది సజీవ పగడం, బొమ్మ గీయండి" అన్నాను. ముందు బెంచీలో అమ్మాయి లేచింది.

"సార్, దీనికి వేళ్లుంటాయని మీరే చెప్పారు గదా, అవేవి? ఇది చచ్చిపోయింది గదండీ?"

క్లాసంతా నా మొహంలోకి చూసింది. జేబులో ఆర్డరు కాగితం ఉంది.

"అడగందే మాట్లాడొద్దు, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి చేత రికార్డులో బొమ్మ కింద 'సజీవ నమూనా' అని రాయించి, సంతకం పెట్టాను. పర్మినెంటు అయ్యాక నేను పెట్టిన మొదటి సంతకం అదే.