ఏడు చుక్కలు

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. గన్‌ఫౌండ్రీలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం నాది. ఆధారం లేని దరఖాస్తును వెనక్కి పంపడమే నా పని. మా అత్తగారు టీవీలో దెయ్యాల సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చుని తప్పులు పట్టే రకాన్ని. అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది.

నాంపల్లి స్టేషన్ దగ్గర మా ఇంటి నుంచి అబిడ్స్ వరకు వీధికుక్కలకు దెబ్బలు తగిలితే మేం నలుగురం ప్రథమ చికిత్స చేసేవాళ్లం. పెద్ద దెబ్బైతే పశువుల దవాఖానకు తీసుకెళ్లేవాళ్లం. చిన్న గాయమైతే మేమే కడిగి, మందు రాసి కట్టు కట్టేవాళ్లం.

మాలో నాలుగో మనిషి మల్లమ్మ, మిగతా ముగ్గురికీ ఈ పని నేర్పింది ఆమే. ఒక దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. కట్టు కట్టాక దాని కింద రెండు వేళ్లు దూరాలి అనేది. లేకపోతే కాలికి రక్తం ఆడదు, వాచిపోతుంది, అలాగే వదిలేస్తే కాలే పోతుంది. నోటితో చెప్పి ఊరుకునేది కాదు. ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని నా వేళ్లే దూర్పించేది.

కట్టు మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలియడానికి మేం ప్లాస్టర్ మీద కట్టిన వారం పేరు రాసేవాళ్లం. మల్లమ్మకు చదువు రాదు. ఆమె బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టేది. సోమవారానికి ఒకటి, అలా ఆదివారానికి ఏడు. ఏడు చుక్కలైతే పైన నాలుగు, కింద మూడు.

ఎవరైనా తప్పు కడితే పల్లెత్తు మాట అనేది కాదు. మేం వెళ్లాక విప్పి మళ్లీ కట్టేది. విప్పిన పట్టీని నీటుగా చుట్ట చుట్టి అక్కడే పెట్టేది. మర్నాడు అది చూసి సిగ్గుపడడం మా వంతు.

కిందటి ఏడాది ఎండాకాలంలో మల్లమ్మ నిద్రలోనే పోయింది. మాకంటే ఎక్కువ దిగులు పెట్టుకుంది బటానీ. అబిడ్స్‌లో ఒక జిరాక్స్ షాపు మెట్ల మీద ఉండే గోధుమరంగు ఆడకుక్క అది. మహా పొగరు దానికి. బిస్కెట్లు ఎవరు పెట్టినా తింటుంది గానీ, తోక ఊపింది మాత్రం మల్లమ్మకు ఒక్కదానికే. నొప్పి పుడితే పళ్లు చూపిస్తుంది. మూతికి గుడ్డ కట్టి ఒకరు పట్టుకుంటే తప్ప ఇంకొకరు కట్టు కట్టలేరు.

మల్లమ్మ పోయిన రెండు నెలలకు, ఒక శనివారం మధ్యాహ్నం బటానీ ముందు కాలికి గాజుపెంకు కోసుకుంది. మెట్ల ఎదురుగా టీ బండి పెట్టుకునే యాదయ్య ఫోన్ చేశాడు. ఆఫీసు నుంచి పరిగెత్తాను. అతను పట్టుకున్నాడు, నేను కట్టాను. రక్తం ఆగడం లేదని సాగే పట్టీని లాగి లాగి చుట్టాను. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. ప్లాస్టర్ మీద ‘శని’ అని రాసేసి వెళ్లిపోయాను. వేళ్లు దూర్చి చూడలేదు.

ఆదివారం పదింటికి కోఠిలో మా పాపకు గాజులు కొంటున్నాను. అమ్మే ఆవిడ గాజు తొడిగి, బిగుతుగా ఉందేమోనని దాని కింద వేలు పెట్టి చూసింది. బటానీ కట్టు కింద నేను వేళ్లు పెట్టి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పాపతో సహా ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, ఆ కాలు తీసేయాల్సి వస్తుందేమోనని. మల్లమ్మకు ఏం ముఖం చూపించాలి అనుకున్నాను, ఆమె లేదని తెలిసి కూడా.

ఆదివారం కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. జిరాక్స్ షాపు షటర్ వేసి ఉంది. మెట్ల మీద బటానీ కాలు చాపుకుని హాయిగా పడుకుని ఉంది. కాలికి నా సాగే పట్టీ లేదు. తెల్లటి నూలు పట్టీ ఉంది. రెండు వేళ్లు పెట్టాను, సులువుగా దూరాయి. పాదం వెచ్చగా ఉంది, వాపు లేదు. ప్లాస్టర్ మీద నీలం చుక్కలు ఏడు. పైన నాలుగు, కింద మూడు.

పక్క మెట్టు మీద నా పట్టీ నీటుగా చుట్ట చుట్టి ఉంది.

ఎవరు కట్టారని యాదయ్యను అడిగాను.

“పొద్దుగాల ఆరు సంది గీడనే ఉన్న మేడం. దాన్ని ఎవ్వలు ముట్టలే,” అన్నాడు. గ్లాసులు కడుగుతూ మళ్లీ తనే అన్నాడు, “తొమ్మిదింటికి జరసేపు తోక ఊపుకుంట కూసుంది. ఎవలొచ్చిన్రా అని జూసిన. ఎవ్వలు లేరు.”

ఆ మాట అంటున్నప్పుడు అతను నా వైపు చూడలేదు.

మా గుంపులో మిగిలిన ఇద్దరినీ అడిగాను. ఒకాయన పెళ్లికని వరంగల్‌లో ఉన్నాడు. ఇంకొకావిడ జ్వరంతో మంచం దిగలేదు. మల్లమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనని చాలా రోజులు ఆరా తీశాను. దొరకలేదు. దొరికి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఆ రోజు మాత్రం ఆరా తీసే ఓపిక లేదు. పుస్తకాల మధ్య ఆ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. మల్లమ్మ పోయాక నాకు ఏడుపు రావడం అదే మొదలు. పాప బటానీ తల నిమురుతూ కూర్చుంది.

కాలు పది రోజుల్లో మానింది. ఆ తర్వాత ఒక్కటి మారింది. మేం ముగ్గురం ప్లాస్టర్ మీద వారం పేరు రాయడం మానేశాం. చుక్కలే పెడుతున్నాం. చూసిపోవడానికి వస్తే ఆమెకు అర్థం కావాలి కదా.