తెరేసమ్మ తువ్వాలు

వానాకాలంలో కేరళలోని కుట్టనాడు పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నడిచొచ్చి, బడి గేటు దగ్గర తడికాళ్ళనే వాటిలో దూరుస్తారు. బూట్లు మాత్రం క్షేమం.

మనవరాలు అన్సు కాలివేళ్ళ సందులు నాని, చీలి, పరుగుపందెం మాటెత్తితే ఏడుస్తోందని తెరేసమ్మ ఫంగస్ మీద యుద్ధం ప్రకటించింది. గేటు దగ్గర తువ్వాలుతో బైఠాయించి, దొరికిన ప్రతి పాదాన్నీ తుడిచింది. కొన్నాళ్ళకు ఆ పాదాలన్నీ గోక్కోవడం మొదలుపెట్టాయి.

"ఒక్క తువ్వాలుతో ఊరందరికీ ఫంగస్ పంచావు కదే తల్లీ!" అంది నర్సు లిసీ.

"ఇక మానేస్తావా, అమ్మచ్చీ?" అంది అన్సు ఆశగా.

"మానడమా? నోర్మూసుకుని కాలు చాపు."

మర్నాటినుంచి ఎవరి తువ్వాలు వాళ్ళదే. అది తేనివాళ్ళకు బూట్లు తొడుక్కునే యోగం లేదు.

"గంట కొట్టేశాం, తెరేసమ్మా!" అని హెడ్మాస్టరు అరిచాడు.

"మళ్ళీ కొట్టుకోండి సారూ, నాకింకా చిటికెనవేళ్ళు మిగిలాయి."

లిసీ ఇచ్చిన పూతమందూ, ఈ తుడుపూ కలిసి పనిచేశాయి. వానలు తగ్గుముఖం పట్టకముందే అన్సు పందెంలో పరిగెత్తింది. గెలిచిందా అని అడిగినవాళ్ళతో, "వేళ్ళు గెలిచాయి" అంది తెరేసమ్మ, ఇంకో పాదం అందుకుంటూ.