బోర్లా పడుకున్న బండ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదు. వయసు పాతిక, మెడలో భూతద్దం, చేతిలో సుత్తి, భుజాన సంచి, ఇంకేం కావాలి? ఇప్పుడు జుట్టు సగం నెరిసి, పిల్లలకు పాఠాలు చెబుతూ, ఏ రాయిని చూసినా "కావచ్చు, కాకపోవచ్చు" అని నసుగుతుంటే, ఆనాటి ధీమా ఎక్కడ పారేసుకున్నానా అని నాకే నవ్వొస్తుంది. ఎక్కడ పారేసుకున్నానో నాకు కచ్చితంగా తెలుసు లెండి. బయ్యారం అవతల ఒక తండా పక్కన, వాగొడ్డున, ఒక బండ మీద.

మాది జనగామ. బాపుకు సైకిల్ షాపు ఉండేది. "మీ బిడ్డ ఏం సదువుతుందే?" అని ఎవరైనా అడిగితే ఆయన పంక్చర్ వేస్తూనే "సముద్రంల బతికిన జీవాల గురించి" అనేవాడు. "జనగామకు సముద్రమేడిదే?" అని వాళ్లు, "గదే నాకు గూడ సమజైతలేదు" అని ఆయన. సముద్రం ఉండేది, నిజంగానే. లెక్కకందని కాలం కింద మహబూబాబాద్ గుట్టల వైపంతా లోతులేని ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో పాకుడు లాంటి సన్నజీవులు ఎండ కోసం పైకి పైకి పెరుగుతూ, ఒండ్రును పట్టుకుంటూ, పొర మీద పొర వేసుకుంటూ పోయాయి. అవే రాళ్లయ్యాయి. అడ్డంగా పగిలిన చోట చూస్తే బోర్లించిన గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపులు కనిపిస్తాయి. (వాటికి స్ట్రొమాటోలైట్లని పేరు. బాపు నోరు తిరగక వాటిని "గిన్నెల రాళ్లు" అనేవాడు. నాకూ అదే బాగుంటుంది.) వాటితో ఒక సౌకర్యం ఉంది. గిన్నె అడుగు ఎటు ఉబ్బితే అది పైవైపు. గిన్నెలు వెల్లకిలా కనిపించాయంటే, ఆ పొర మొత్తం తలకిందులైందన్నమాట. అలా కావాలంటే భూమి లోపల ఏదో మహా కదలిక జరిగుండాలి.

నాకు అప్పటికి పరిశోధనలో మూడేళ్లు గడిచాయి, చేతిలో మాత్రం ఏమీ లేదు. నాకు దారి చూపే ప్రొఫెసర్‌ను మేం చాటుగా భూతద్దం సారు అనేవాళ్లం, స్నానానికి పోయినా మెడలో భూతద్దం తీయడని వాడుక. ఆయనది కోస్తా. మనిషి మంచివాడే, మాటే మొహమాటం లేనిది. "చూడమ్మాయ్, ఈ ఎండాకాలంలో కొత్త సంగతి ఏదైనా తెచ్చావా సరే. లేదంటే ఈ చదువు ఆపేసి వేరే దారి చూసుకో" అన్నాడు. బాపు అప్పటికే టీచర్ ట్రైనింగ్ ఫారం తెచ్చి అల్మారాలో పెట్టాడు. ఆ ఫారం తలుచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

అలా బయ్యారం తండాకు చేరాను. మా వీధిలో తాపీపని చేసే ఒకతని తల్లి ఇంట్లో నా మకాం. వాళ్ల ఇంటి భాషలో తల్లిని యాడి అంటారు, తండా అంతా ఆమెను అలాగే పిలిచేది, నేనూ పిలిచాను. పొద్దున్నే జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు మూట కట్టి ఇచ్చేది. నేను సాయంత్రం సంచినిండా రాళ్లతో వస్తే "ఇయ్యాల పంట మంచిగ పండింది" అని నవ్వేది. నెల గడిచింది. కొత్త సంగతి మాత్రం దొరకలేదు.

దొరికింది దొరికినట్టు ఒక్క రోజులో దొరికింది. వాగొడ్డున మోదుగు చెట్టు కింద మంచమంత బండ. పక్కన పగిలిన చోట చూద్దును కదా, గిన్నెలన్నీ వెల్లకిలా ఉన్నాయి! ఇక నా కాళ్లు భూమ్మీద ఆనలేదు. అక్కడే కూర్చుని నోటుపుస్తకంలో నాలుగు పేజీలు రాశాను. బండ పైభాగం అద్దంలా నున్నగా ఉంది, ప్రాచీన సముద్రపు అలల ఒరిపిడి అని రాశాను. పగుళ్లలో లేత నీలిరంగు, రాగి ఖనిజపు ఛాయ అని రాశాను. పొర తిరగబడటానికి కారణం అన్న చోట "భూగర్భంలో మహా కదలిక" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ సాయంత్రమే బయ్యారం పోయి సారుకు ఫోన్ చేశాను. "రేపు కాదు, ఎల్లుండి పొద్దున్నే బయల్దేరి వస్తున్నా. ఎవరికీ చెప్పకు" అన్నాడాయన. ఆయన గొంతులో అంత ఉత్సాహం నేనెన్నడూ వినలేదు.

సారు వచ్చే రోజు పొద్దున యాడి రొట్టెలు చేస్తూ అడిగింది. "అంత దూరం నుంచి గా సారు ఏ రాయి కోసం వస్తుండు బిడ్డా?"

"వాగొడ్డున మోదుగు చెట్టు కింద లేదా, గా బండ."

"గదా? గది నా బండనే. ఇంటికి నల్లా వచ్చేదాంక బట్టలన్నీ గాడనే ఉతికిన."

అలల ఒరిపిడి గుర్తుకొచ్చింది. భయం భయంగా "నీలిమందు గూడ గాడనే..." అన్నాను.

"మరెక్కడ కలుపుత? తెల్లబట్టలకు పెట్టద్దా?"

రాగి పోయింది. ఇంకా ఆశ చావక అడిగాను. "యాడీ, గా బండ మొదటి నుంచి గట్లనే పడి ఉన్నదా?"

"ఎందుకుంటది? మీద అన్ని బుడిపెలు ఉండె. బట్ట నిలవకపోయేది, నా చేతులు కొట్టుకపోయేటియి. నేను గప్పుడే కొత్తగ కాపురానికొచ్చిన. మా ముసలాయన నా చేతులు చూసి ఏమనలే. తెల్లారి అన్నదమ్ములను తోలుకపోయి, గడ్డపారలేసి బోర్లేసిండు. గటు దిక్కు సాపుగ ఉండె." పొయ్యిలో కట్టె ఎగదోసి, మెల్లగా అంది, "ఆయన పోయి గిప్పటికి ఆరేండ్లు."

భూగర్భంలో మహా కదలిక అంటే అదన్నమాట. నా ముఖం చూసి యాడి కంగారు పడి ఏమైందని అడిగింది. చెప్పాను. సారు కోపం, అల్మారాలో ఫారం, అన్నీ చెప్పి ఏడ్చాను. ఆమె పిండి చేతులతోనే నా తల నిమిరింది. "గింతేనా? జర ఊకో. సారు ఏమడిగినా నాకు తెల్వదంట. ఇగ ఎవ్వలు చెప్తరు?"

సిగ్గుతో చెబుతున్నాను, నేను వద్దనలేదు.

సారు జీపు దిగి నేరుగా వాగుకు నడిచాడు. యాడి కూడా వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెట్టు కింద నిలబడింది. ఆయన బండ చుట్టూ మూడుసార్లు తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పెట్టి "ఏమమ్మాయ్, ఈ నీలం చూశావా? రాగి జాడే. బ్రహ్మాండంగా పట్టావు" అన్నాడు. నా వీపు మీద చెమట ధార కట్టింది. అంతలో ఆయన యాడి వైపు తిరిగాడు.

"ఈ వాగు పేరేంటమ్మా?"

"నాకు తెల్వదు సారూ."

"మీది ఈ తండాయేనా?"

"నాకు తెల్వదు."

"పోనీ, మీ పేరేంటి?"

యాడి నా వైపు ఒకసారి చూసి, గుండె రాయి చేసుకుని "అది గూడ తెల్వదు సారూ" అంది.

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. నా కోసం ఆ మనిషి బతికే ఊరునూ పెట్టిన పేరునూ కూడా కాదంటోంది. ఇంకొక్క అబద్ధం ఆమె చేత ఆడిస్తే నేను మనిషినే కాదనిపించింది. "సార్, అది రాగి కాదు, నీలిమందు" అన్నాను. తరవాత మొత్తం కక్కేశాను.

సారు బండ మీద కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. చివరికి పెట్టుకుని అన్నాడు. "నీ వయసులో నేనొక పొలం గట్టును చూసి పాతకాలపు నది ఒడ్డని రాశాను. ఎవరూ కాదనలేదు, అచ్చయిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ లైబ్రరీలో ఉంది, అటు వెళ్లాలంటే నాకు సిగ్గు. నీకు చెప్పే మనిషి దొరికింది, అదృష్టవంతురాలివి." తరవాత యాడికి నమస్కారం పెట్టి అడిగాడు, "అమ్మా, దీన్ని బోర్లేసింది ఇక్కడేనా, పైనుంచి తెచ్చారా?"

యాడి నన్ను చూసింది. "ఇగ చెప్పాల్నా బిడ్డా?"

నేను తలూపాను. అంతే, కొంగు నడుముకు చెక్కి, ముళ్లపొదలు పక్కకు నెడుతూ వాగు పైకి దారి తీసింది. నెల రోజులు తిరిగినా ఆ పొదలు చూసి నేను వెనక్కి తిరిగేదాన్ని. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి అక్కడే మేకలు మేపింది. పొదల వెనక నిట్టనిలువు గోడ. అడుగు నుంచి పై దాకా గిన్నెల రాళ్లు, పొర తరవాత పొర, ఒక్కటి చెదరలేదు, అన్నీ బోర్లించినట్టే ఉన్నాయి. మధ్యలో మంచమంత ఖాళీ, అంచున గడ్డపార దెబ్బలు. "గిది. నేను కాపురానికి రాకముందే ఈడికెల్లి పీకి వాగొడ్డుకు దొర్లిచ్చిండ్రంట" అంది యాడి. ఆ వైపు అంత నిండుగా ఉన్న గోడను అంతకుముందు మేమెవరం చూడలేదు. నా పరిశోధన, ఉద్యోగం, ఈ రోజు నేను తింటున్న అన్నం, అన్నీ ఆ గోడలోంచి వచ్చినవే. ఫారం అల్మారాలోనే పసుపురంగుకు తిరిగింది.

నోటుపుస్తకంలో ఆ నాలుగు పేజీలు చింపబోతే సారు ఒప్పుకోలేదు. "మహా కదలిక" కొట్టేసి, కారణం అన్న చోట "కొత్త కోడలి చేతులు కొట్టుకుపోవడం" అని రాశాను. ఆయన ఎర్రసిరాతో పక్కన టిక్కు పెట్టాడు.

ఇప్పుడు ఏటా పిల్లలను భూపాలపల్లి వైపు, కాటారం అడవి అంచుల్లో పొరలు చూపించడానికి తీసుకుపోతుంటాను. మొన్న తిరుగు దారిలో బస్సును బయ్యారం మీదుగా పోనిమ్మన్నాను. యాడి బాగా వంగిపోయింది, చూపు కూడా మందగించింది. అయినా నా గొంతు వినగానే గుర్తుపట్టింది. కర్ర పట్టుకుని వాగుదాకా మాతో వచ్చింది. బండ అలాగే ఉంది, మోదుగు చెట్టు మాత్రం లేదు. పిల్లల్లో ఒకమ్మాయి, మెడలో కొత్త భూతద్దం, బండ పక్కన మోకాళ్ల మీద వాలి, కాసేపటికి మెరిసే కళ్లతో తలెత్తింది. "మేడం, గిన్నెలు తిరగబడి ఉన్నయి. ఇక్కడ పెద్ద కదలికే జరిగింది!"

ఆ అమ్మాయి యాడి వైపు తిరిగి "అవ్వా, ఈ బండ మొదటి నుంచి ఇట్లనే ఉన్నదా?" అని అడిగింది.

యాడి నేనున్న వైపు ముఖం తిప్పింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు తెల్వదు బిడ్డా."

ఇన్నేళ్లయినా నా గుట్టు కాపాడుతోంది ఆ తల్లి. నేను బండ మీద ఆమె పక్కనే కూర్చుని, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, "చెప్పు యాడీ, ఇగ చెప్పచ్చు" అన్నాను.